సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలలో కంపైలర్ వెర్షన్ల నమోదు: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ఒక ప్రోగ్రాం పనిచేయడానికి ఏయే లైబ్రరీలు కావాలో నమోదు చేసే పద్ధతి లినక్స్ ప్యాకేజీ వ్యవస్థలలో 1990లలోనే స్థిరపడింది. ఆ ప్రోగ్రాంను యంత్రభాషలోకి మార్చిన కంపైలర్ ఏదో, దాని వెర్షన్ ఎంతో నమోదు చేయడం మాత్రం చాలాకాలం అనవసరంగానే కనిపించింది. 2000 నుంచి 2015 వరకు సి++ భాషా కంపైలర్లలో వచ్చిన మార్పులు ఈ అభిప్రాయాన్ని కదిలించాయి. డెబియన్, నిక్స్, స్పాక్ అనే మూడు వ్యవస్థలు ఈ సమస్యను ఎదుర్కొన్న తీరును ఈ వ్యాసం కాలక్రమంలో పరిశీలిస్తుంది. తాళపత్ర ప్రతిలో లేఖకుడి వివరాలకు పాఠపరిష్కర్త ఇచ్చే విలువ సాఫ్ట్‌వేర్ విషయంలో కంపైలర్ వివరాలకూ దక్కాలని, తెలుగు పరిశోధనలో ప్రోగ్రాంల వాడకం పెరుగుతున్నందున ఇది మనకూ సంబంధించిన విషయమేనని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: కంపైలర్, ప్యాకేజీ, ఆధారత, ఏబీఐ, డెబియన్, నిక్స్, స్పాక్, పాఠపరిష్కరణ.

1. ఉపోద్ఘాతం

తాళపత్ర ప్రతులను పరిష్కరించే పండితుడు గ్రంథపాఠాన్ని చదివి ఊరుకోడు. ప్రతి చివర లేఖకుడు రాసుకున్న వాక్యాలను కూడా శ్రద్ధగా చూస్తాడు. ప్రతిని రాసినవారెవరు, ఏ సంవత్సరంలో రాశారు, ఎవరి కోసం రాశారు అన్న వివరాలు కావ్యంలో భాగం కావు. అయినా పాఠభేదాల పుట్టుక తెలియాలంటే అవే ఆధారం. సి.పి. బ్రౌన్ 19వ శతాబ్దంలో పండితుల సహాయంతో ఒకే గ్రంథానికి అనేక ప్రతులు సేకరించి సరిపోల్చడం వెనుక ఉన్న ఎరుక కూడా ఇదే. మూలం ఒక్కటే అయినా, చేతులు మారితే ప్రతి మారుతుంది.

సాఫ్ట్‌వేర్‌లో ఈ చేయి కంపైలర్‌ది. రచయిత రాసిన ప్రోగ్రాం పాఠం ఒక్కటే అయినా, రెండు వేర్వేరు కంపైలర్లు దాని నుంచి రెండు వేర్వేరు బైనరీలను తయారుచేస్తాయి. అయితే ఒక ముఖ్యమైన తేడా ఉంది. లేఖకుల ప్రతులు విభేదించినప్పుడు సాధారణంగా ఒకటి సరైనది, మరొకటి స్ఖాలిత్యం అని భావిస్తాం. కంపైలర్ల విషయంలో రెండు బైనరీలూ తమంతట తాము నిర్దుష్టంగా ఉండవచ్చు. అయినా ఒకదానితో ఒకటి కలిసి పనిచేయలేకపోవచ్చు. ఈ రెండో పరిస్థితే ప్యాకేజీ వ్యవస్థల చరిత్రలో పెద్ద చిక్కులు తెచ్చింది.

ఈ చరిత్రను తెలుగు పరిశోధకులు పట్టించుకోవలసిన అవసరం ఏమిటన్న ప్రశ్న సహజం. నేడు తెలుగు పాఠాన్ని టైపు చేయడం, తెరపై చూపడం, అకారాదిక్రమంలో అమర్చడం, వెతకడం, లెక్కించడం అన్నీ కంపైల్ అయిన ప్రోగ్రాంల ద్వారానే జరుగుతున్నాయి. మన ఫలితాలకు ఆధారమైన సాధనం ఎలా తయారైందో చెప్పగలగడం పరిశోధన ప్రామాణికతలో భాగం.

2. పరిభాష

మనిషి చదవగలిగే భాషలో రాసిన ప్రోగ్రాం పాఠం సోర్స్ కోడ్. దానిని యంత్రం అమలు చేయగల సంకేతాలుగా మార్చే ప్రోగ్రాం కంపైలర్. అలా మారిన ఫైలు బైనరీ. అనేక ప్రోగ్రాంలు ఉమ్మడిగా వాడుకునే బైనరీ లైబ్రరీ. ఒక ప్రోగ్రాంను దాని వివరాలతో కలిపి పంపిణీకి సిద్ధం చేసిన కట్ట ప్యాకేజీ. ఒక ప్యాకేజీకి మరొక ప్యాకేజీ అవసరమైతే ఆ సంబంధాన్ని సాంకేతికులు డిపెండెన్సీ అంటారు. ఈ వ్యాసంలో దానికి ‘ఆధారత’ అనే మాట వాడుతున్నాను.

వేర్వేరు సమయాల్లో, వేర్వేరు చోట్ల కంపైల్ అయిన రెండు బైనరీలు కలిసి పనిచేయాలంటే కొన్ని కట్టుబాట్లు ఉమ్మడిగా ఉండాలి. ఒక ఫంక్షన్‌కు విలువలను ఏ క్రమంలో అందించాలి, ఒక వస్తువు మెమరీలో ఎంత చోటు ఆక్రమిస్తుంది, ఫంక్షన్ పేరు బైనరీలో ఏ రూపంలో ఉండాలి అన్నవి వాటిలో ముఖ్యమైనవి. ఈ కట్టుబాట్ల సముదాయాన్ని ఏబీఐ అంటారు.

సి భాషలో లినక్స్‌పై ఫంక్షన్ పేరు బైనరీలో ఉన్నది ఉన్నట్టుగానే ఉంటుంది. సి++ భాషలో అలా కుదరదు. ఒకే పేరుతో, వేర్వేరు రకాల విలువలు తీసుకునే అనేక ఫంక్షన్లు ఉండవచ్చు కనుక, కంపైలర్ ఆ పేరుకు విలువల రకాలను సూచించే సంకేతాక్షరాలను జోడించి ఒక సంయుక్తనామాన్ని తయారుచేస్తుంది. ఈ జోడింపు సూత్రం ఒక కంపైలర్ వెర్షన్ నుంచి మరొకదానికి మారితే, పాత లైబ్రరీలో ఉన్న పేరు కొత్త ప్రోగ్రాంకు దొరకదు. పదం అదే; సంధి చేసిన సూత్రం వేరు కనుక రూపం గుర్తుపట్టరాకుండా పోయింది. మెమరీలో వస్తువుల అమరిక మారితే ప్రమాదం ఇంకా ఎక్కువ. పేరు దొరికినా ప్రోగ్రాం ఒక విలువను మరొకటిగా చదివి నడుస్తూ నడుస్తూ కూలిపోవచ్చు.

3. కంపైలర్ కనిపించని కాలం (1987–1999)

ఐబీఎం సంస్థలో జాన్ బ్యాకస్ బృందం ఫోర్ట్రాన్ కంపైలర్‌ను 1957లో ఐబీఎం 704 యంత్రం వాడేవారికి అందించింది. అప్పటి నుంచి చాలాకాలం కంపైలర్ యంత్రంతోపాటు, లేదా నిర్వహణ వ్యవస్థతోపాటు వచ్చేది. బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన యూనిక్స్ విషయంలోనూ సి కంపైలర్ వ్యవస్థలో అంతర్భాగమే. ఒక యంత్రం, ఒక వ్యవస్థ, ఒక కంపైలర్ ఉన్నచోట ‘ఏ వెర్షన్’ అన్న ప్రశ్నకు తావు లేదు.

రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రణాళికలో భాగంగా 1987లో జీసీసీ కంపైలర్ వెలువడింది. అది ఏ ఒక్క యంత్రానికీ, ఏ ఒక్క కంపెనీకీ చెందినది కాదు. దానితో కంపైలర్ జీవితం వ్యవస్థ జీవితం నుంచి విడిపోయింది. 1993లో ఇయాన్ మర్డాక్ స్థాపించిన డెబియన్ వంటి పంపిణీలు ఆ కంపైలర్‌తో తయారైన వందల ప్రోగ్రాంలను ప్యాకేజీలుగా ప్రజలకు అందించాయి. ప్రతి ప్యాకేజీతోపాటు అది ఏయే ప్యాకేజీలపై ఆధారపడుతుందో తెలిపే జాబితా ఉండేది. నిర్మాణ సమయంలో కావలసిన సాధనాలకు మరొక జాబితా తరువాత చేరింది.

ఇక్కడ గమనించవలసిన నియమం ఒకటి ఉంది. సి లేదా సి++ భాషలో అతి చిన్న ప్రోగ్రాంను నిర్మించడానికి ఎప్పుడూ అవసరమయ్యే సాధనాలను నిర్మాణ ఆధారతల జాబితాలో ప్రత్యేకంగా రాయనక్కరలేదని డెబియన్ విధానపత్రం చెబుతుంది. ఆ సాధనాల సముదాయానికి ‘బిల్డ్-ఎసెన్షియల్’ అని పేరు. కంపైలర్ అందులో ఉంది. అంటే నిర్మాణంలో అన్నిటికన్నా ముఖ్యమైన సాధనమే నమోదు నుంచి మినహాయింపు పొందింది. ఇది అశ్రద్ధ కాదు. వేల ప్యాకేజీలలో ఒకే మాట తిరిగి తిరిగి రాయడం వృథా అన్న ఆచరణాత్మక ఆలోచన. అందరికీ ఒకే కంపైలర్ ఉన్నంతకాలం ఆ ఆలోచన సబబే.

ఆ ఏకత్వానికి మొదటి బీట 1997లో పడింది. జీసీసీ అభివృద్ధి నెమ్మదించిందని భావించిన కొందరు నిపుణులు ఈజీసీఎస్ పేరుతో వేరు శాఖను ప్రారంభించారు. 1999లో ఆ శాఖే అధికారిక జీసీసీ అయింది. అదే సంవత్సరం జులైలో జీసీసీ 2.95 వెలువడింది. తరువాతి ప్రధాన వెర్షన్ అయిన 3.0 రావడానికి 2001 జూన్ వరకు పట్టింది. ఈ రెండేళ్ల విరామంలోనే మొదటి సంక్షోభం తలెత్తింది.

4. 2000 నాటి సంక్షోభం

రెడ్ హ్యాట్ సంస్థ 2000 సెప్టెంబరులో విడుదల చేసిన లినక్స్ 7.0లో కంపైలర్‌ను ‘జీసీసీ 2.96’ అని పేర్కొంది. జీసీసీ బృందం ఆ సంఖ్యతో ఏ వెర్షన్‌నూ విడుదల చేయలేదు. అది అభివృద్ధి దశలో ఉన్న పాఠం నుంచి తీసుకుని, సంస్థ తన సవరణలు చేర్చుకున్న కంపైలర్. 2.95 పాతబడింది, 3.0 ఇంకా సిద్ధం కాలేదు. కొత్త యంత్రాలకూ, మెరుగైన సి++ ప్రమాణానికీ మద్దతు కావాలి. సంస్థ నిర్ణయానికి నేపథ్యం ఇది.

2000 అక్టోబరులో జీసీసీ నిర్వాహక సంఘం ఒక ప్రకటన చేసింది. 2.96 తమ అధికారిక విడుదల కాదని, దానితో తయారైన సి++ బైనరీలు 2.95తో గాని, రాబోయే 3.0తో గాని పొసగవని అందులో స్పష్టం చేసింది. అదే పంపిణీలో లినక్స్ కెర్నల్‌ను నిర్మించడానికి ‘కేజీసీసీ’ పేరుతో ఒక పాత కంపైలర్‌ను ప్రత్యేకంగా అందించవలసి వచ్చింది. ఒకే వ్యవస్థలో రెండు కంపైలర్లు, ఒక్కోదానికి ఒక్కో పని. ‘కంపైలర్ అందరికీ ఒకటే’ అన్న పూర్వభావన ఇక్కడ బహిరంగంగా చెదిరింది.

ఈ వివాదంలో ఎవరిది తప్పు అన్నదానికన్నా ముఖ్యమైన అంశం వేరొకటి ఉంది. ఒక బైనరీని చూసి అది ఏ కంపైలర్ కుటుంబానికి చెందినదో ప్యాకేజీ వ్యవస్థ తెలుసుకునే మార్గం అప్పటికి లేదు. వెర్షన్ సంఖ్యలన్నీ ప్రోగ్రాంవి, లైబ్రరీలవి. వాటిని తయారుచేసిన సాధనానికి సంబంధించిన గడే లేదు.

5. డెబియన్: ప్యాకేజీ పేరులో కంపైలర్ ముద్ర

జీసీసీ 3.0, 3.1 వెర్షన్లలో సి++ ఏబీఐకి సంబంధించిన దోషాలు బయటపడ్డాయి. వాటిని సవరించి, పంపిణీదారులందరికీ ఒక ఉమ్మడి పునాది ఇవ్వాలన్న ఉద్దేశంతో 2002 ఆగస్టులో 3.2 వెర్షన్ వెలువడింది. డెబియన్‌కు ఇప్పుడు ఒక క్లిష్టమైన పని ఎదురైంది. సి++లో రాసిన లైబ్రరీలన్నిటినీ కొత్త కంపైలర్‌తో మళ్లీ నిర్మించాలి. లైబ్రరీ వెర్షన్ మారలేదు, ఫైలు పేరు మారలేదు, పాఠంలో ఒక్క అక్షరం మారలేదు. అయినా కొత్త బైనరీ పాతదానికి ప్రత్యామ్నాయం కాదు.

దీనికి 2003లో డెబియన్ అనుసరించిన పద్ధతి సరళమైనది. కొత్త కంపైలర్‌తో నిర్మించిన లైబ్రరీ ప్యాకేజీ పేరు చివర ‘సి102’ అనే గుర్తు చేర్చారు. జీసీసీ 3.2 తన ఏబీఐకి లోపల వాడిన సంఖ్య 102. ఒకే ఫైలు పేరుతో రెండు ప్యాకేజీలు ఒకచోట ఉండలేవు కనుక, కొత్త ప్యాకేజీ పాతదానితో తనకు విరోధమని ప్రకటించేది. అందువల్ల పాత ప్రోగ్రాం కొత్త లైబ్రరీతో పొరపాటున కలిసే అవకాశం పోయింది. దీనికి చెల్లించిన మూల్యం ఏమిటంటే, ఒక లైబ్రరీపై ఆధారపడిన ప్రోగ్రాంలన్నీ అంచెలంచెలుగా కాక ఒక్కసారిగా మారవలసి రావడం.

2005లో ఇదే పని మళ్లీ చేయవలసి వచ్చింది. ఆ సంవత్సరం జూన్‌లో ‘సార్జ్’ విడుదలైన తరువాత డెబియన్ జీసీసీ 4.0కు మారింది. ఈసారి గుర్తు ‘సి2’. కొన్ని నెలలకే ప్రామాణిక సి++ లైబ్రరీలో మెమరీ కేటాయింపు పద్ధతి మారడంతో ‘సి2ఏ’ అనే మరొక గుర్తు పుట్టింది.

తరువాతి మార్పు 2015లో. సి++ భాషకు 2011లో వచ్చిన ప్రమాణం అక్షరమాలల ప్రామాణిక రకం విషయంలో అప్పటివరకు జీసీసీ అనుసరించిన అమరికను నిషేధించింది. ఒకే పాఠాన్ని రెండుచోట్ల వాడినప్పుడు, మార్చేవరకు ఒకే నకలును పంచుకునే పద్ధతి అది. 2015 ఏప్రిల్‌లో వచ్చిన జీసీసీ 5 కొత్త అమరికను ప్రవేశపెట్టింది. ఈసారి జీసీసీ బృందం గత అనుభవాల నుంచి నేర్చుకుంది. పాత రకాన్నీ, కొత్త రకాన్నీ వేర్వేరు సంయుక్తనామాలతో ఒకే లైబ్రరీలో ఉంచింది. పాత బైనరీలు ఎప్పటిలాగే పనిచేశాయి. కాని తమ ఫంక్షన్లలో ఆ రకాన్ని వాడిన ఇతర లైబ్రరీల పేర్లు మారక తప్పలేదు. డెబియన్ వాటికి ‘వి5’ అనే గుర్తు చేర్చింది.

ఈ గుర్తుల జీవితం ఆసక్తికరమైనది. లిబ్‌సిగ్‌సి++ 2.0 అనే లైబ్రరీ ప్యాకేజీ 2005 నాటి ‘సి2ఏ’ గుర్తును పదేళ్లు మోసి, 2015లో ‘వి5’ గుర్తు ధరించింది. గుర్తుకు కారణమైన అవసరం తీరినా గుర్తు మిగిలింది. ప్రతిలో లేఖకుడి వాక్యం తరువాతి నకళ్లలోకీ చేరినట్టు, ఒక కంపైలర్ మార్పు జ్ఞాపకం ప్యాకేజీ పేరులో నిలిచిపోయింది. చరిత్రకారుడికి ఇది విలువైన సాక్ష్యమే. కాని వ్యవస్థ నిర్మాణం దృష్ట్యా ఇందులో ఒక లోపం ఉంది. పేరు చివరి అక్షరాల అర్థం మనుషులకు తెలుసు, యంత్రానికి తెలియదు. యంత్రానికి అది మరొక పేరు మాత్రమే.

6. తప్పించుకునే మార్గం: తెలుగు లిపి నుంచి ఒక ఉదాహరణ

కంపైలర్ వెర్షన్ ఆధారతను నమోదు చేయడానికి బదులు, అసలు ఆ ఆధారతే లేకుండా చేసే మార్గం కూడా ఉంది. దానికి చక్కని ఉదాహరణ తెలుగు పాఠకులు నిత్యం వాడుతున్న హార్ఫ్‌బజ్ లైబ్రరీ. యూనికోడ్‌లో వరుసగా నమోదైన అక్షరాలను గుణింతాలు, ఒత్తులతో సరైన రూపంలో ఎలా అమర్చాలో ఫాంటులోని సూచనల ఆధారంగా నిర్ణయించే లైబ్రరీ అది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రెఆఫీస్, ఆండ్రాయిడ్, జీటెక్ దీనిని వాడతాయి. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరరూపం తెరపై సక్రమంగా కనిపించడం వెనుక ఈ పని ఉంది.

హార్ఫ్‌బజ్‌ను సి++లో రాశారు. అయినా బయటి ప్రోగ్రాంలకు అది చూపే ముఖం పూర్తిగా సి భాషది. పైగా సి++ ప్రామాణిక లైబ్రరీ బైనరీతో ముడిపడకుండా దానిని నిర్మిస్తారు. అందువల్ల పైన చెప్పిన సి++ మార్పులు దాని హద్దు దాటి బయటికి రావు. లోపలి భాష ఏదైనా, ఇతరులతో మాట్లాడేటప్పుడు స్థిరమైన భాషనే వాడడం ఈ పద్ధతి సారాంశం. అయితే ప్రతి లైబ్రరీకీ ఇది సాధ్యం కాదు. సి++లోని సౌకర్యాలను వాడుకరులకు నేరుగా అందించడమే ఉద్దేశమైన లైబ్రరీలకు ఈ దారి మూసుకుపోయి ఉంటుంది.

7. నిక్స్: అన్నిటినీ కలిపిన ముద్ర

ఈ సమస్యకు సిద్ధాంతపరమైన సమాధానం నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. ఏల్కో డోల్‌స్ట్రా 2006లో సమర్పించిన పీహెచ్‌డీ సిద్ధాంతగ్రంథం నిక్స్ అనే ప్యాకేజీ వ్యవస్థను వివరిస్తుంది. ఒక ప్యాకేజీ నిర్మాణంలో పాలుపంచుకున్న అన్ని అంశాల నుంచి, అంటే సోర్స్ కోడ్, లైబ్రరీలు, నిర్మాణ సూచనలు, కంపైలర్ అన్నిటి నుంచి, గణితపద్ధతిలో ఒక ముద్రను లెక్కగడతారు. 32 అక్షరాల ఆ ముద్ర ప్యాకేజీ నిల్వ ఉండే చోటు పేరులో భాగమవుతుంది.

దీనివల్ల రెండు కంపైలర్లతో నిర్మించిన ఒకే లైబ్రరీకి రెండు వేర్వేరు చిరునామాలు ఏర్పడతాయి. రెండూ ఒకే యంత్రంలో నిరపాయంగా ఉండగలవు. డెబియన్ పద్ధతిలో మనుషులు గుర్తించి చేర్చవలసిన ‘సి102’, ‘వి5’ వంటి గుర్తుల అవసరం లేదు. తేడా ఉన్నచోట ముద్ర తానే మారుతుంది. కంపైలర్ తొలిసారి ఇతర అంశాలతో సమాన హోదాలో నమోదైంది.

ఈ పద్ధతికీ పరిమితి ఉంది. ముద్రకు తేడా ఉందో లేదో మాత్రమే తెలుసు. ఆ తేడా హానికరమో కాదో తెలియదు. కంపైలర్‌లో అతి చిన్న సవరణ జరిగినా, దానిపై ఆధారపడినవన్నీ కొత్త ప్యాకేజీలుగా లెక్కకు వచ్చి మళ్లీ నిర్మాణం కోరతాయి. లేఖకుడు కలం మార్చినా కొత్త ప్రతిగా పరిగణించినట్టు.

8. స్పాక్: గుణం నుంచి ఆధారతకు

సూపర్ కంప్యూటర్ల రంగంలో సమస్య మరొక రూపంలో ఉంది. డెబియన్‌లో కంపైలర్ కాలాన్నిబట్టి మారుతుంది. సూపర్ కంప్యూటర్‌పై ఒకే సమయంలో అనేక కంపైలర్లు ఉంటాయి. జీసీసీతోపాటు ఇంటెల్, క్రే వంటి సంస్థల కంపైలర్లు, ఒక్కోదానికి అనేక వెర్షన్లు. ఒకే శాస్త్రీయ లైబ్రరీని వాటన్నిటితోనూ నిర్మించి పక్కపక్కన ఉంచవలసి వస్తుంది.

అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ జాతీయ ప్రయోగశాలలో టాడ్ గాంబ్లిన్ 2013లో ప్రారంభించిన స్పాక్ ఈ అవసరం నుంచి పుట్టింది. 2015లో ఆస్టిన్‌లో జరిగిన సూపర్ కంప్యూటింగ్ సదస్సులో దీనిపై పరిశోధనపత్రం వెలువడింది. స్పాక్‌లో వాడుకరి తనకు కావలసిన ప్యాకేజీని ఒక చిన్న సూత్రంగా రాస్తాడు. ప్యాకేజీ పేరు తరువాత @ గుర్తు వెర్షన్‌ను, % గుర్తు కంపైలర్‌ను, + గుర్తు ఐచ్ఛికాంశాలను తెలుపుతాయి. కంపైలర్ పేరు, వెర్షన్ వాడుకరి కోరికలోనే స్పష్టంగా ఉండడం ఇక్కడి విశేషం.

అయినా లోపలి నమూనాలో కంపైలర్ చాలాకాలం ప్యాకేజీకి ఒక గుణంగా మాత్రమే ఉంది. కంపైలర్ల జాబితా వేరొక ఫైలులో ఉండేది. ఒక ప్యాకేజీకి ఒక కంపైలర్ పేరే జతపడేది. వాస్తవంలో ఒకే ప్యాకేజీలో సి భాగాన్ని ఒక కంపైలర్, ఫోర్ట్రాన్ భాగాన్ని మరొకటి మార్చే సందర్భాలు సర్వసాధారణం. అంతేకాక కంపైలర్ తనతో తెచ్చే సహాయక లైబ్రరీలు నిర్మాణం ముగిసిన తరువాత కూడా, ప్రోగ్రాం నడిచే సమయంలో అవసరం. కంపైలర్ గుణమే అయితే ఈ సంబంధాన్ని రాయడానికి చోటు లేదు.

మరొక అడ్డంకి గణన సంబంధమైనది. ఆధారతలు, విరోధాలు ఉన్న ప్యాకేజీల సముదాయంలో ఒక ప్యాకేజీని స్థాపించడం సాధ్యమా అన్న ప్రశ్న ఎన్‌పీ-కంప్లీట్ తరగతికి చెందుతుందని ఈడాస్ అనే ఐరోపా ప్రణాళికలోని పరిశోధకులు నిరూపించారు. అంటే అన్ని సందర్భాలలోనూ వేగంగా పరిష్కరించే పద్ధతి ఇంతవరకు ఎవరికీ తెలియని సమస్యల కోవ అది. ప్రతి ప్యాకేజీకీ కంపైలర్ ఎంపికను కూడా చేర్చితే చిక్కుముడి ఇంకా పెరుగుతుంది. స్పాక్ మొదట వాడిన పద్ధతి ఒక్కో నిర్ణయం తీసుకుంటూ ముందుకు సాగేది. వెనక్కి వచ్చి సరిదిద్దుకోలేకపోయేది. 2021 నవంబరులో వచ్చిన 0.17 వెర్షన్ నుంచి, జర్మనీలోని పోట్స్‌డాం విశ్వవిద్యాలయంలో తయారైన క్లింగో అనే తర్కసాధనం దాని స్థానం తీసుకుంది. నియమాలన్నీ తార్కిక వాక్యాలుగా రాస్తే, వాటన్నిటినీ తృప్తిపరిచే ఎంపికను ఆ సాధనం వెతుకుతుంది.

ఈ పునాదిపైనే 2025 జులైలో వచ్చిన స్పాక్ 1.0 కంపైలర్‌ను నిజమైన ఆధారతగా మార్చింది. ప్యాకేజీ తనకు సి, సి++, ఫోర్ట్రాన్ భాషలలో ఏవి కావాలో ప్రకటిస్తుంది. ఆ భాషను అందించే కంపైలర్ ఏదో, దాని వెర్షన్ ఎంతో తర్కసాధనం నిర్ణయించి నమోదు చేస్తుంది. కొద్దిపాటి తేడాతో ఇతర చోట్లా ఇదే మొగ్గు కనిపిస్తుంది. 2023 ఆగస్టులో వచ్చిన గో 1.21, ప్రోగ్రాం కోరిన కనీస వెర్షన్‌ను సలహాగా కాక నియమంగా పాటించడం మొదలుపెట్టింది. 2025 జనవరిలో వచ్చిన రస్ట్ 1.84లో ప్యాకేజీ సాధనం, లైబ్రరీ వెర్షన్లను ఎంచేటప్పుడు అవి కోరే కంపైలర్ వెర్షన్‌ను కూడా లెక్కలోకి తీసుకునే వీలు కల్పించింది. పాతికేళ్ల క్రితం గడే లేని వివరం ఇప్పుడు నిర్ణయాలకు ఆధారమైంది.

9. నమ్మకం ప్రశ్న

ఇంతవరకు చూసినది పొసగడం, పొసగకపోవడం గురించి. కంపైలర్ నమోదుకు ఇంతకన్నా లోతైన కారణం మరొకటి ఉంది. యూనిక్స్ నిర్మాతలలో ఒకరైన కెన్ థాంప్సన్ 1984లో ప్రచురితమైన తన ట్యూరింగ్ పురస్కార ప్రసంగంలో ఒక హెచ్చరిక చేశారు. కంపైలర్ బైనరీలో దుష్టసంకేతాన్ని దాచి, ఆ కంపైలర్ తన తరువాతి వెర్షన్‌ను నిర్మించినప్పుడు ఆ సంకేతాన్ని తానే మళ్లీ చొప్పించేలా చేయవచ్చునని ఆయన చూపారు. అప్పుడు సోర్స్ కోడ్‌ను ఎంత జాగ్రత్తగా చదివినా దోషం కనబడదు. మూలపాఠం శుద్ధంగా ఉన్నంత మాత్రాన ప్రతి శుద్ధమని చెప్పలేం.

ఈ ప్రశ్నకు డెబియన్ వైపు నుంచి వచ్చిన ఆచరణాత్మక స్పందన, ఎవరు ఎప్పుడు నిర్మించినా అక్షరం తేడా లేకుండా ఒకే బైనరీ రావాలన్న ఉద్యమం. దానిలో భాగంగా 2016 నుంచి డెబియన్ ప్యాకేజీ సాధనం ప్రతి నిర్మాణంతోపాటు ‘బిల్డ్‌ఇన్ఫో’ అనే చిన్న ఫైలును తయారుచేస్తోంది. నిర్మాణ సమయంలో వాడిన సాధనాలన్నిటి వెర్షన్లు, కంపైలర్‌తో సహా, అందులో ఉంటాయి. విధానపత్రం మినహాయించిన సాధనం పేరు కూడా ఇక్కడ తప్పక కనిపిస్తుంది. ప్రతి చివర లేఖకుడి వాక్యానికి ఇంతకన్నా దగ్గరి పోలిక సాఫ్ట్‌వేర్‌లో మరొకటి లేదు.

నిక్స్ ఆలోచనలను స్వీకరించిన గిక్స్ మరొక అడుగు ముందుకు వేసింది. 2023 ఏప్రిల్‌లో ఆ బృందం ప్రకటించిన నిర్మాణక్రమం 357 బైట్ల చిన్న ప్రోగ్రాంతో ప్రారంభమై, మెట్టుమెట్టుగా పెద్ద కంపైలర్లను నిర్మించుకుంటూ నేటి జీసీసీని చేరుతుంది. ఆ మెట్లలో 2.95 తరానికి చెందిన జీసీసీ కూడా ఒకటి. 2013లో వచ్చిన 4.8 వెర్షన్ నుంచి జీసీసీని నిర్మించాలంటే ముందుగా ఒక సి++ కంపైలర్ ఉండాలి. అందువల్ల సి భాషలో రాసిన పాత వెర్షన్ లేనిదే ఈ మెట్లు పూర్తికావు. పాతబడిందని పక్కన పెట్టిన వెర్షన్ వంశవృక్షానికి వేరుగా మళ్లీ అవసరపడింది. పాత ప్రతులను భద్రపరచడం ఎందుకన్న ప్రశ్నకు గ్రంథాలయాలు ఇచ్చే సమాధానం ఇక్కడా వర్తిస్తుంది.

10. ముగింపు

ఈ పరిశీలన నుంచి తేలిన అంశాలు:

1. కంపైలర్ వెర్షన్ నమోదు కాకపోవడానికి కారణం సాంకేతిక అసాధ్యత కాదు. కంపైలర్ అందరికీ ఒకటేనన్న భావన. 2000 నాటి సంక్షోభంతో ఆ భావన వాస్తవానికి దూరమైందని స్పష్టమైంది.

2. పరిష్కారాలు నాలుగు విధాలు. పేరులో గుర్తు చేర్చడం డెబియన్ పద్ధతి. హద్దుల వద్ద స్థిరమైన భాషను వాడడం హార్ఫ్‌బజ్ పద్ధతి. అన్నిటినీ కలిపి ముద్ర వేయడం నిక్స్ పద్ధతి. కంపైలర్‌ను ఆధారతగా గుర్తించి తర్కంతో ఎంచడం స్పాక్ పద్ధతి. వీటిలో మొదటిది మనుషుల శ్రమపై, మూడోది యంత్రాల శ్రమపై ఎక్కువగా ఆధారపడతాయి. రెండోది కొన్ని లైబ్రరీలకే సాధ్యం. నాలుగోది అన్నిటికన్నా స్పష్టమైనది. కాని గణన దృష్ట్యా బరువైనది.

3. ఈ చరిత్ర గమనం ఒకే దిశలో ఉంది. మొదట కంపైలర్ పరిసరం, తరువాత పేరులో గుర్తు, ఆ తరువాత గుణం, చివరకు ఆధారత.

4. తెలుగు పరిశోధనకు దీని నుంచి ఒక ఆచరణీయ సూచన లభిస్తుంది. పదాల లెక్కింపు వంటి పూర్ణాంక గణనలలో కంపైలర్ మార్పు వల్ల ఫలితం సాధారణంగా మారదు. కర్తృత్వ నిర్ణయానికో, శైలి పోలికకో గణాంక నమూనాలను వాడినప్పుడు దశాంశ గణనల క్రమాన్ని కంపైలర్ మార్చవచ్చు. చివరి అంకెలు తేడా రావచ్చు. నిర్ణయం హద్దురేఖపై ఉన్నప్పుడు ఆ అంకెలే కీలకం. అందువల్ల ఇటువంటి సిద్ధాంతవ్యాసాలలో వాడిన ప్రోగ్రాం పేరు, వెర్షన్‌తోపాటు అది ఏ పంపిణీ నుంచి వచ్చిందో, పరిశోధకుడే నిర్మించుకుంటే ఏ కంపైలర్ వెర్షన్‌తో నిర్మించాడో ఒక వాక్యంలో పేర్కొనడం అవసరం. పర్యవేక్షకులు, పత్రికా సమీక్షకులు ఆ వాక్యాన్ని అడగడం మొదలుపెట్టాలి.

తాళపత్ర ప్రతి ఎక్కడ దొరికింది, ఎవరు రాశారు అన్నది చెప్పకుండా పాఠాన్ని ఉదాహరిస్తే ఏ పరీక్షకుడూ అంగీకరించడు. ఆ నియమాన్ని రూపొందించుకున్న విద్యాశాఖలు మనవి. అదే నియమాన్ని కంప్యూటర్ ద్వారా వచ్చిన ఫలితాలకు వర్తింపజేయడానికి కొత్త సిద్ధాంతమేమీ అవసరం లేదు.